అంగడి మాటలు – 9: హుండీ

పోయిన వారం షరాబు కొట్టు దగ్గర ఆగాం. నాణేన్ని మోగించి చూసి, గీటురాయి మీద గీసి, అరుగుదలకు వట్టం తీసి, ఒక రాజ్యపు రూపాయికి ఇంకో రాజ్యపు వరహా ఇచ్చే మనిషి షరాబు. అదే గద్దె మీద కూర్చుని ఆయన ఇంకో పని కూడా చేసేవాడు. రొక్కం తీసుకుని కాగితం రాసి ఇచ్చేవాడు. నెల రోజుల దారిలో ఉన్న మరో ఊళ్లో, మరో షరాబు ముందు ఆ కాగితం పెడితే అక్కడ రొక్కం చేతికొచ్చేది. ఆ కాగితమే హుండీ.

ఇవాళ తెలుగువాళ్లకు హుండీ అనగానే గుడి గుర్తొస్తుంది. తిరుమలలో తెల్లని గుడ్డ తొడిగిన కొప్పెర, పరకామణిలో లెక్కింపు, పత్రికల్లో హుండీ ఆదాయం వార్త. తమిళంలో ఉండియల్ అన్నా ఇంతే: గుడిలో కానుకల పెట్టె అదే, వ్యాపారి రాసే డబ్బు చీటీ కూడా అదే. తమిళులు ఆ రెండో అర్థాన్ని చాలాకాలం వాడుకలో నిలుపుకున్నారు. మనం దాదాపు మరిచిపోయాం. మనకు మిగిలిన ఇంకో అర్థం పోలీసు వార్తల్లోది, హవాలా పక్కన జంటగా కనిపించేది. మూడు నాలుగు వందల ఏళ్లు ఈ దేశపు వర్తకాన్ని నడిపిన సాధనానికి ఇలా నేరం వాసన అంటుకోవడం నాకు బాధ కలిగిస్తుంది. అందుకే ఈ వారం హుండీకి కాస్త ఎక్కువ చోటు ఇస్తున్నాను.

మాట పాతదే. 12వ శతాబ్దంలో కల్హణుడు కశ్మీరంలో రాసిన రాజతరంగిణిలో ‘హుండికా’ కనిపిస్తుంది. సైనికుల భత్యానికి ఇచ్చే ఆదేశపత్రం అని దానికి నిఘంటువులు అర్థం చెబుతాయి. ఫలానా చోట, ఫలానా వారికి, ఇంత చెల్లించమని కాగితం మీద రాసిన ఆజ్ఞ అన్నమాట. రాజు ఆజ్ఞగా ఉన్నది వ్యాపారి విన్నపంగా మారింది. పేరు మాత్రం పెద్దగా మారలేదు.

వ్యాపారికి దీని అవసరం ఏమిటో తెలియాలంటే వెండి బరువు తూచి చూడాలి. మొగలు రూపాయి దాదాపు 11.5 గ్రాముల వెండి. లక్ష రూపాయలంటే సుమారు 1,150 కిలోలు. ఒక్కో పెరికె ఎద్దు నూటయాభై కిలోలు మోస్తుందనుకున్నా ఎనిమిది ఎడ్లు కావాలి. ఎడ్ల వెంట మనుషులు, మనుషుల వెంట కత్తులు, దారి పొడవునా సుంకం చావళ్లు, అడవుల్లో దొంగలు. అంత శ్రమపడి సరుకు కొనే ఊరు చేరాక అక్కడ మన రూపాయి చెల్లదంటారు, మళ్లీ షరాబు దగ్గర వట్టం. ఈ బాధలన్నిటికీ జవాబు హుండీ.

ఫ్రెంచి రత్నాల వర్తకుడు టావెర్నియే 17వ శతాబ్దంలో వజ్రాల కోసం ఇటు చాలాసార్లు వచ్చాడు. గోల్కొండ, కృష్ణ ఒడ్డున కొల్లూరు గనులు ఆయన తిరిగిన చోట్లే. 1676లో అచ్చయిన ఆయన యాత్రాగ్రంథంలో వజ్రాల సంగతులే అందరూ చెప్పుకుంటారు. నాకు మాత్రం అంతకంటే విలువైనవిగా తోచేవి ఆయన హుండీల ధరలు రాసిన రెండు మూడు పేజీలు. ఈ దేశంలో షరాబు లేని ఊరంటే అది మరీ చిన్న పల్లె అయి ఉండాలంటాడు. డబ్బు లెక్కల్లో ఆరితేరినవారని పేరున్న టర్కీ సామ్రాజ్యపు యూదు వ్యాపారులు కూడా ఈ షరాబుల దగ్గర శిష్యరికం చేయడానికైనా చాలరని రాశాడు.

పద్ధతి ఇదీ. లాహోరులోనో ఆగ్రాలోనో గోల్కొండలోనో సరుకు కొనడానికి వ్యాపారికి డబ్బు కావాలి. అక్కడి షరాబు దగ్గర రొక్కం తీసుకుని, రెండు నెలల్లో సూరత్ రేవులో చెల్లించేట్టు హుండీ రాసిస్తాడు. సరుకు సూరత్ చేర్చి, ఓడలవాళ్లకు అమ్మి, హుండీ తీరుస్తాడు. ఇందుకు లాహోరులో నూటికి ఆరుంబావు, ఆగ్రాలో నాలుగుంబావు నుంచి ఐదు, గోల్కొండలో నాలుగు నుంచి ఐదు పడేదని టావెర్నియే లెక్క. అహమ్మదాబాదు దగ్గర కాబట్టి అక్కడ ఒకటి, ఒకటిన్నర. ఢాకా నుంచైతే ఏకంగా పది. ఢాకా, పట్నా, కాశీ షరాబులు నేరుగా సూరత్‌కు రాయరట. ఆగ్రాకు రాస్తారు, ఆగ్రాలో దాన్ని సూరత్‌కు మారుస్తారు. నడుమ ఏ చిన్న రాజో తన సీమలోంచే సరుకు పోవాలి, తనకే సుంకం కట్టాలి అని పేచీ పెడితే ఆ ఏడు ఈ ధర నూటికి ఒకటి రెండు చొప్పున పెరుగుతుంది. అంటే దారిలో ఏం జరుగుతున్నదో, ఎక్కడ అలజడి ఉన్నదో హుండీ ధర చూసి చెప్పవచ్చు.

నూటికి ఐదంటే మరీ ఎక్కువ కాదా అని అడగవచ్చు. రెండు నెలల వడ్డీ ఒక్కటే అయితే ఎక్కువే. అయితే సరుకు దారిలో దోపిడీ అయితే అప్పిచ్చినవాడి డబ్బు కూడా పోయినట్టే. ఆ ఒప్పందం మీదే ఇచ్చేవాళ్లని టావెర్నియే స్పష్టంగా రాశాడు. వడ్డీ, రవాణా, బీమా మూడూ ఆ ఐదులోనే ఉన్నాయి.

ఇక కాగితాన్ని దగ్గరగా చూద్దాం.

హుండీ నిజానికి ఒక ఉత్తరం. పైన ‘శ్రీ’ చుడతారు. తర్వాత ఎవరు చెల్లించాలో వారి ఊరు, కొఠీ (వర్తకపు కొట్టు) పేరు, గౌరవ వాచకాలతో. ఆపైన రాసేవారి ఊరు, పేరు. తర్వాత నమస్కారం. ‘రాంరాం చదువుకోగలరు’ అనో ‘జై గోపాల్’ అనో పలకరించి అసలు విషయానికి వస్తారు: మీ మీద హుండీ ఒకటి రాశాం, రూపాయలు వెయ్యి, అక్షరాలా వెయ్యి, అందులో సగం ఐదు వందలు, దానికి రెట్టింపు పూర్తిగా చెల్లించగలరు, ఈ సొమ్ము ఇక్కడ ఫలానావారి దగ్గర తీసుకున్నాం, మితి (తిథి) ఫలానా నుంచి ఇన్ని రోజులకు, ‘షా’కు, ఊరూ పేరూ పరువూ విచారించుకుని ఇవ్వగలరు. చివర తిథి, సంవత్సరం.

ఆ ‘సగం, దానికి రెట్టింపు’ వరస అలంకారం కోసం పెట్టింది కాదు. అంకె పక్కన సున్న చేర్చడం సులువు. అంకె, అక్షరం, సగం, సగానికి రెట్టింపు అన్నిటినీ ఒకేసారి దిద్దడం కష్టం. పైగా ఉత్తరాది వ్యాపారుల మహాజనీ లిపిలో గుణింతపు గుర్తులు రాయరు. కలం వేగంగా సాగాలి, పైవాడికి అర్థం కాకూడదు, అందుకని ఉత్త హల్లులే. దీని మీద ఆ ప్రాంతాల్లో ఒక పాత కథ ఉంది. పినతండ్రి ఊరెళ్లాడని ‘కాకా అజ్మేర్ గయే’ అని గుమాస్తా ఇంటికి ఉత్తరం రాస్తే, ఇంట్లోవాళ్లు ‘కాకా ఆజ్ మర్ గయే’ అని చదువుకుని ఏడుపులు మొదలుపెట్టారట. అలాంటి లిపిలో వేల రూపాయల ఆజ్ఞ రాసేటప్పుడు మొత్తాన్ని అన్ని తీర్ల బిగించక తప్పదు.

పై నమూనాలో ‘షా’ అన్న ఒక్క మాట ఉంది చూశారా, హుండీ బలమంతా అక్కడే ఉంది. షా అంటే బజారులో పరువున్న వ్యాపారి. షాకు చెల్లించాలని రాసిన షాజోగు హుండీ పట్టుకొచ్చిన ప్రతివాడికీ డబ్బు ఇవ్వరు. ఆ ఊరి వర్తకులు ఎరిగిన కొఠీ ద్వారా వస్తేనే ఇస్తారు. దారిలో హుండీ దొంగిలించినవాడికి అది ఉత్త కాగితం. వాడి తరఫున డబ్బు అడగడానికి ఏ పెద్దమనిషీ ముందుకు రాడు. ఒకవేళ వచ్చి డబ్బు తీసుకున్నాక అది దొంగ హుండీ అని తేలితే, తీసుకున్న షా తన సొమ్ములోంచి వడ్డీతో సహా తిరిగి కట్టాలి. ఆ తర్వాత అసలు దొంగను వెతుక్కోవడం ఆయన పని. ఈ ఒక్క ఏర్పాటుతో బజారు మొత్తం కాపలాదారు అయింది.

రకాలు చాలా ఉన్నాయి, అన్నీ చెప్పను. చూపగానే చెల్లించాల్సింది దర్శనీ. గడువు పెట్టి రాసింది ముద్దతు హుండీ. హక్కుదారుకే ఇవ్వాల్సింది ధనీజోగు. జోఖ్మీ హుండీ సంగతి మాత్రం చెప్పాలి. జోఖం అంటే గండం, నష్టభయం. సరుకు పంపే వ్యాపారి, దాన్ని అందుకోబోయే వ్యాపారి మీద హుండీ రాసి, మూడోవాడికి తగ్గింపు ధరకు అమ్మేస్తాడు. సరుకు క్షేమంగా చేరితే ఆ మూడోవాడికి పూర్తి సొమ్ము ముడుతుంది. ఓడ మునిగినా బండి దోపిడీ అయినా అతనికి ఏమీ రాదు. అప్పూ బీమా ఒకే కాగితంలో. లండన్ బీమా గురించి మన కామర్స్ పాఠాల్లో చదువుకుంటాం గాని, ఈ జోఖ్మీ హుండీ గురించి మాట్లాడుకునేది తక్కువ.

హుండీ పోతే? ‘పైఠ్’ అని నకలు రాసేవారు. అదీ పోతే ‘పర్‌పైఠ్’. అదీ పోతే పంచాయతీ పెద్దల సాక్ష్యంతో నాలుగోది. డబ్బు చెల్లించి రద్దు చేసిన హుండీని ‘ఖోకా’ అని దాచుకునేవారు. ఎందుకైనా మంచిదని హుండీకి ‘జిక్రీ చీటీ’ అని ఇంకో ఉత్తరం కూడా జతచేసేవారు: ఫలానావాడు ఈ హుండీ కాదంటే, నా పరువు కాపాడి మీరు చెల్లించండి అని అదే ఊళ్లోని మరో స్నేహితుడి కొఠీకి. పరాయి ఊళ్లో తన పేరు మీద మచ్చ పడుతుందన్న భయం ఎంత లోతైనదో ఆ చీటీ చూస్తే తెలుస్తుంది.

ఈ నమ్మకం భక్తి కథల్లోకి కూడా ఎక్కింది. 15వ శతాబ్దపు గుజరాతీ భక్తకవి నర్సీ మెహతా జునాగఢ్‌లో కటిక పేదవాడు. ద్వారక వెళ్లే యాత్రికులు కొందరు ఊళ్లోకి వచ్చి, దారి దొంగల భయంతో, 700 రూపాయలకు హుండీ ఎవరు రాస్తారని అడిగారు. ఆకతాయిలు నవ్వుకుంటూ నర్సీ ఇల్లు చూపించారు. ఆయన ఇది దేవుడు పంపినదే అనుకుని డబ్బు తీసుకున్నాడు, ద్వారకలో శామళ్‌శా సేఠ్ పేరు మీద హుండీ రాసిచ్చాడు, ఆ సొమ్ము సాధువుల సేవకు ఖర్చుపెట్టేశాడు. ద్వారకలో ఆ పేరుగల వ్యాపారి ఎక్కడా లేడు. ఊరంతా తిరిగి అలసిపోయిన యాత్రికులకు చివరికి కృష్ణుడే సేఠ్ వేషంలో ఎదురొచ్చి హుండీ తీర్చాడని కథ. ప్రేమానందుడు 17వ శతాబ్దంలో ‘హుండీ’ పేరుతోనే దీన్ని కావ్యం చేశాడు.

మహిమ సంగతి అలా ఉంచి వివరాలు చూడండి. తీర్థయాత్రకు పోయే సాదా జనం చేతిలో హుండీ ఉంది. రాయడానికి ఎవరినో ఒకరిని అడిగితే చాలనుకున్నారు. హుండీ తిరిగొస్తే రాసినవాడు ఊళ్లో తలెత్తుకోలేడని శ్రోతలందరికీ తెలుసు. తెలుసు కాబట్టే దేవుడు కూడా గుడి వదిలి బజారుకు రావలసి వచ్చింది. హుండీ జనజీవితంలోకి ఎంతగా ఇంకిందో చెప్పడానికి శాసనాల కంటే ఈ కథే నాకు గట్టి సాక్ష్యం.

రాజ్యాల స్థాయిలో హుండీ బలం చూడాలంటే బెంగాల్ పోవాలి. రాజస్థాన్‌లోని నాగౌర్ నుంచి 17వ శతాబ్దం మధ్యలో పట్నా చేరిన జైన కుటుంబం జగత్‌సేఠ్‌లది. అలా వచ్చిన పెద్దాయన మనుమడు ఫతేచంద్ కాలానికి మొగలు చక్రవర్తి ‘జగత్‌సేఠ్’ బిరుదు ఇచ్చాడు. బెంగాల్ శిస్తు ఒకప్పుడు బళ్లకెక్కి, సైన్యం కాపలాతో ఢిల్లీకి వెళ్లేది. తర్వాత అది ఈ సేఠ్‌ల హుండీ మీద వెళ్లింది. 1742లో మరాఠాలు ముర్షిదాబాదులో వాళ్ల కొఠీ దోచి రెండు కోట్ల ఆర్కాటు రూపాయలు పట్టుకుపోయారని సమకాలీన చరిత్రకారుడు గులాం హుసేన్ ఖాన్ రాశాడు. ఆ తర్వాత కూడా కోటి రూపాయల దర్శనీ హుండీ వస్తే వాళ్లు చూడగానే చెల్లించేవారట. ఆ అంకెల్లో అతిశయోక్తి ఉంటే ఉండవచ్చు. అయినా దోపిడీ జరిగిన మర్నాడు కూడా తలుపు తెరిచి హుండీ చెల్లించడమే ఆ ఇంటి పేరుకు ప్రాణమని ఆ కాలం జనం ఎరుగుదురు. ఆ వంశపు పెద్దలిద్దరినీ 1763లో నవాబు మీర్ ఖాసిం చంపించాడు. డబ్బు ఎంతటిదైనా కత్తిని ఆపలేకపోయింది.

ఈస్టిండియా కంపెనీకీ ఇదే దారి. 18వ శతాబ్దం చివర పడమటి తీరంలో కంపెనీ సేనల జీతాలకు బెంగాల్ డబ్బు చేరవేసింది ఓడలు కావు. కాశీ, సూరత్ షరాబుల హుండీలు.

మన వైపు గోల్కొండ రోజుల్లోనే కార్వాన్‌లో ఉత్తరాది సాహుల కొఠీలు వెలిశాయి. తర్వాత బేగంబజార్ పెరిగింది. నిజాముల కాలంలో జిల్లాల శిస్తు రాజధాని చేరడానికీ, సైన్యం జీతాలకు అప్పు పుట్టడానికీ ఈ షావుకార్లే ఆధారం. హైదరాబాదు హాలీ సిక్కా వేరు, బ్రిటిష్ కల్దారు రూపాయి వేరు. వంద కల్దార్లకు సుమారు నూటపదహారు హాలీ లెక్క. నూటపదహార్లు చదివించే ఆచారం అక్కడి నుంచే వచ్చిందని ఒక కథనం ఉంది. అదే నిజమైనా కాకపోయినా, సరిహద్దు దాటితే రూపాయి మారిపోయే ఆ రోజుల్లో అటూ ఇటూ వ్యాపారం చేసేవాడికి షరాబు లేనిదే పూట గడవదు. 1830 మేలో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరి మరుసటి ఏడు సెప్టెంబరులో తిరిగొచ్చిన ఏనుగుల వీరాస్వామయ్య దారి పొడవునా నాణేల తేడాలు గుర్తుపెట్టుకుని రాయడానికి కారణం కూడా ఆ ఇబ్బందే.

బ్రిటిష్‌వాళ్లు 1881లో నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం తెచ్చారు. చెక్కు, ప్రామిసరీ నోటు, బిల్లు అన్నీ అందులోకి వచ్చాయి. హుండీని మాత్రం బయట ఉంచారు. ప్రాచ్య భాషల్లో రాసిన పత్రాల విషయంలో స్థానిక వాడుకకు ఈ చట్టం అడ్డురాదని మొదటి సెక్షన్‌లోనే రాశారు. షాజోగు అంటే ఏమిటి, పైఠ్ మీద ఎవరికి హక్కు అనే తగాదాలు కోర్టుకొస్తే జడ్జీలు వర్తకులను పిలిచి వాడుక అడిగి తెలుసుకోవలసి వచ్చేది. స్టాంపు చట్టం కింద ముద్దతు హుండీలకు ప్రభుత్వమే ప్రత్యేకంగా హుండీ కాగితం అచ్చువేసి అమ్మింది.

అప్పటికే కింద నేల కదులుతోంది. బ్రిటిష్ పాలనలోని సీమలన్నిటా ఒకే రూపాయి వచ్చింది. 1880లో తపాలా మనియార్డరు మొదలైంది. తీర్థయాత్ర చేసేవాడికీ, ఇంటికి డబ్బు పంపే కూలికీ షరాబు అక్కరలేకుండా పోయింది. రైలు, తంతి వచ్చాక దారి ప్రమాదం తగ్గింది. దాన్ని మోసే ధర కూడా తగ్గింది. పెద్ద వ్యాపారం బ్యాంకులకు మళ్లింది. ముల్తానీ షరాబులు, తమిళనాట నాటుకోట్టై చెట్టియార్లు మాత్రం 20వ శతాబ్దంలో కూడా చాలాకాలం హుండీ నడిపారు.

పేరు చెడింది ఆ తర్వాతే. పన్ను ఎగ్గొట్టిన సొమ్మును లెక్కల్లోకి తేవడానికి, ఫలానా హుండీ మీద అప్పు తెచ్చామని ఉత్తుత్తి కాగితాలు పుట్టించడం స్వాతంత్ర్యం వచ్చాక పెద్ద రోగమైంది. దానికి మందుగా ఆదాయపు పన్ను చట్టంలో 69డి సెక్షన్ చేర్చారు. 1977 ఏప్రిల్ 1 నుంచి అమలు. హుండీ మీద అప్పు తీసుకున్నా తీర్చినా అకౌంట్ పేయీ చెక్కు ద్వారానే జరగాలన్నారు. లేదంటే ఆ సొమ్మంతా ఆదాయం కింద లెక్కేసి పన్ను వేస్తామన్నారు. సగం, దానికి రెట్టింపు అని జాగ్రత్తగా రాసుకున్న కాగితాన్ని బ్యాంకు చెక్కు తోడు లేకుండా నమ్మకూడదని చట్టమే చెప్పింది.

విదేశీ మారకం కథ వేరు. 1973 నాటి ఫెరా (విదేశీ మారక నియంత్రణ చట్టం) కాలంలో డాలరుకు, దినారుకు సర్కారు ధర ఒకటి, బయటి ధర ఇంకొకటి. గల్ఫ్‌లో కూలి చేసి ఇంటికి నాలుగు డబ్బులు ఎక్కువ చేరాలని చూసినవాడికి హవాలా ఏజెంటు కనిపించాడు. అక్కడ కరెన్సీ తీసుకుంటాడు, ఇక్కడ అతని మనిషి ఇంటికొచ్చి రూపాయలు ఇస్తాడు. సరిహద్దు దాటింది కబురు ఒక్కటే. సూత్రం పాత హుండీదే, అందుకే ఆ పేరూ దానికి అతుక్కుంది. తేడా మాత్రం పెద్దది. హుండీలో రాసినవాడి పేరు, ఊరు, తిథి, మొత్తం, ఎవరి సొమ్మో అంతా కాగితం మీద ఉంటుంది. హవాలాలో కాగితమే ఉండకూడదు. ఈ రెంటినీ ఒకే గాటన కట్టడం సరికాదన్నది నా గట్టి అభిప్రాయం. 1990ల్లో రూపాయి మారకం ధర బజారుకు దగ్గరగా వచ్చాక ఆ రెండు ధరల నడుమ అంతరం తగ్గింది. లాభమూ తగ్గింది. వ్యవహారం మాత్రం ఆగలేదు.

హుండీ చెల్లించలేని రోజు షావుకారుకు ఏమయ్యేది? నకారాయీ కింద నష్టపరిహారం కట్టేవాడు. అదీ కట్టలేనివాడు పట్టపగలు కొట్లో దీపం వెలిగించి, గద్దె తిరగేసి కూర్చునేవాడని ఉత్తరాదిన చెప్పుకుంటారు. దీపానికీ దివాలాకీ ఆ చుట్టరికం నిజమా కాదా, మన తెలుగు ఐపీ ఎక్కడిది అన్నది వచ్చే వారం.